సెమిసి ఇంజిన్ కడిగిన శనివారం

శనివారం మధ్యాహ్నం దాటిందంటే టోంగా దీవుల్లోని హౌలోతో అనే ఊళ్లో కడగని వస్తువంటూ మిగలదు. వాకిళ్లు ఊడుస్తారు, పిల్లల తలలు రుద్దుతారు, చర్చికి కట్టుకునే బట్టలు ఇస్త్రీ చేస్తారు, నడుముకు చుట్టుకునే చాపలు దులిపి ఎండకేస్తారు. తెల్లారితే ఆదివారం. టోంగాలో ఆదివారం నాడు పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా పక్కింటివాళ్లు ఒప్పుకోరు. అందుకని వారం మురికంతా ఆ ఒక్క పూటలోనే వదిలించుకోవాలి. ఆ హడావుడిలో బండి కడగడం అందరూ చేసేదే గానీ, బానెట్ ఎత్తి లోపలి ఇంజిన్‌కి కూడా స్నానం చేయించే మనిషి ద్వీపానికి ఆ పడమటి కొసన ఒక్కడే ఉండేవాడు. అతని పేరు సెమిసి.

గుమ్మంలోంచి పక్కకు తిరిగి దూరాల్సినంత మనిషి. గొంతు మాత్రం పక్కనున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. అతనికో పాత పికప్ బండి ఉండేది. ఊరి చామదుంపలు పట్నం సంతకు వెళ్లేదీ అందులోనే, పెళ్లికూతుళ్లు అత్తారింటికి వెళ్లేదీ అందులోనే, చివరికి శవపేటికలు వెళ్లేదీ అందులోనే. పొద్దున దుంపలు మోసిన బండిలో సాయంత్రం పెళ్లికూతురు కూర్చోవాలంటే శుభ్రం ఉండొద్దూ? కానీ సెమిసి శుభ్రం వేరు. అది శుభ్రం కాదు, పిచ్చి అనేవాళ్లు. నిజం చెప్పొద్దూ, ఈ సంగతి మొదట విన్నప్పుడు నేనూ అన్నాను.

"ఇంజిన్ తాగినన్ని మంచినీళ్లు ఈ ఇంట్లో నేనెప్పుడూ తాగలేదు" అని దెప్పేది పెళ్లాం వైసిమా. ఆమె మాటలో తప్పులేదు. అక్కడ ఇంటి కప్పు మీద పడ్డ వానను తొట్టిలోకి పట్టుకుంటేనే తాగునీళ్లు. ఆ నీళ్లు మగ్గుతో ముంచి ఇంజిన్ మీద పోస్తుంటే ఏ ఇల్లాలికి మాత్రం కడుపు మండదు?

"సముద్రపు గాలి కదే. ఉప్పు పట్టేస్తుంది" అనేవాడు సెమిసి.

"నాకూ పట్టింది ఉప్పు. నన్నెప్పుడైనా అంత ముద్దుగా కడిగావా?" అనేది వైసిమా. అతను చెవులదాకా ఎర్రబడి బానెట్ కింద తల దాచుకునేవాడు.

పక్కింటి హోపోటేది ఇంకో వాదన. అసలు ఇంజిన్ మీద నీళ్లు పోయడమే పాపం అనేవాడు. "ఆ జిడ్డే దానికి చర్మంరా. బతికున్నదాని చర్మం ఒలుస్తావేంట్రా సన్నాసీ?" అని కంచె మీద మోచేతులు ఆనించి ఎగతాళి చేసేవాడు. అతనికా హక్కు ఉంది. సెమిసి మొదటి బండిని పెద్ద పంపుతో, వేడి వేడి ఇంజిన్ మీద, ఏదీ కప్పకుండా కడిగేసి చంపేసుకున్నప్పుడు దాన్ని నడిరోడ్డు మీంచి ట్రాక్టర్‌కి కట్టి ఈడ్చుకొచ్చింది హోపోటేనే. ఊరంతా నిలబడి చూసింది.

ఆ దెబ్బతో సెమిసి నేర్చుకున్నాడు. ఇంజిన్ మీద అరచేయి ఆనించి, భోజనానికి ముందు చెప్పే ప్రార్థన మొత్తం చెప్పుకునేవాడు. ఆమెన్ దాకా చెయ్యి కాలకపోతేనే నీళ్లు. ముందు బ్యాటరీ తీగ విప్పేవాడు. గాలి పీల్చే గొట్టం మూతికి, కరెంటు పుట్టించే డబ్బాకి, ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే మూతకి ప్లాస్టిక్ సంచులు కట్టేవాడు. సబ్బు నీళ్లలో ముంచిన బ్రష్‌తో సందుసందూ రుద్ది, మగ్గుతో మెల్లగా పోసి, గుడ్డతో తుడిచి, ఎండకు ఆరనిచ్చి, అప్పుడు తాళం తిప్పేవాడు. ఇంజిన్ పలకగానే కళ్లు మూసుకుని వినేవాడు. మంట, నూనె, నీళ్లు అంత ఇరుకులో పక్కపక్కనే కాపురం చేస్తూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా ఇంత బరువును లాక్కెళ్లడం అతనికి ఎన్నేళ్లయినా వింతే. "దీన్ని తలపెట్టినవాడి తల చల్లగుండ" అని గొణుక్కునేవాడు.

ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి ఆ శనివారం అంత తప్పు ఎలా చేశాడూ అంటే, మేనత్త చెప్పింది కనుక చేశాడు.

ఉంగతేయా అతని తండ్రికి అక్క. టోంగా ఇంట్లో తండ్రి అక్క తర్వాతే ఎవరైనా. తండ్రి కూడా తర్వాతే. ఆమె పక్క మీద కూర్చోకూడదు, ఆమె కంచంలోది ముట్టకూడదు, ఆమె వచ్చి ఆ పంది నాది అందంటే అది ఆమెదే. సెమిసికి ఆమె మేనత్తే కాదు, తల్లీ తండ్రీ కూడా. పసివాడుగా ఉండగానే తండ్రి పడవతో సహా సముద్రంలో పోయాడు. తల్లి వేరే ద్వీపానికి మారుమనువు వెళ్లింది. ముక్కు తుడవడం దగ్గర్నుంచి పెళ్లి దాకా అన్నీ ఈ మేనత్తే. అలాంటి మనిషికి ఎదురు చెప్పడమన్నది అతనికి తట్టే ఊహ కాదు.

మర్నాడు పట్నంలో పెద్ద చర్చిలో ఆమె పాటల బృందం పాడాలి. క్రితం ఆదివారం బండిలోంచి మాడు వాసన వచ్చి తన బట్టలకు పట్టిందని ఆమెకు కోపం. అందుకని ఆ సాయంత్రం వచ్చి, వాకిట్లోని సీమపనస చెట్టు కింద కుర్చీ వేయించుకుని, విసనకర్ర ఊపుతూ కూర్చుంది. సెమిసి పట్నం నుంచి అప్పుడే వచ్చి బండి ఆపాడు. బానెట్ ఎత్తితే మొహం మీద సెగ కొట్టింది.

"కడుగు" అంది మేనత్త.

"అత్తా..." అన్నాడు సెమిసి.

"ఏంటి?"

"ఏం లేదత్తా."

అంతే. ఆ ఇంట్లో జరగగలిగిన వాదన అంతే.

అతను సంచులు వెతకబోతే, "ఇప్పుడు వాటికి ముసుగులు కట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఆ మగ్గు పక్కన పెట్టు. హోపోటే, నీ పంపు పట్రా" అంది. హోపోటే పంపు తెచ్చాడు. జన్మలో మొదటిసారి ఎగతాళి చేయకుండా, సెమిసి మొహంలోకి చూడకుండా, గొట్టం చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. అతనికీ మేనత్త ఉంది మరి.

వేడి ఇనుము మీద నీళ్లు పడి బుస్సుమన్నాయి. ఆవిరి తెల్లగా పైకి లేచింది. సెమిసి పళ్లు బిగపట్టి కడిగాడు. నీళ్లు ఎక్కడెక్కడికి పోతున్నాయో అతనికి తెలుస్తూనే ఉంది.

అప్పుడు పేలింది.

ముందురోజు నుంచే సముద్రంలో దూరాన ఏదో ఉరుముతోంది. నీళ్ల కింద కొండ ఉందని, అది అప్పుడప్పుడు పొగ వదులుతుందని అందరికీ తెలుసు. కానీ ఇది ఉరుము కాదు. ఇలాంటి చప్పుడు ఉంటుందని మనిషికి ఎవరూ చెప్పరు. చెవులు మూసుకుపోయాయి, రొమ్ముమీద ఎవరో చరిచినట్టయింది, చెట్టు మీది కాయలు జలజలా రాలాయి. వైసిమా అరుస్తున్నట్టు నోరు కనబడుతోంది గానీ మాట వినపడడం లేదు. పడమట సముద్రం మీద ఒక మబ్బు లేచింది. లేస్తూ లేస్తూ, ఇక ఆగుతుందనుకున్నచోట ఆగక, ఆకాశం పట్టనంత గొడుగై విచ్చుకుంది. దాని కాడలో మెరుపులు వంకాయ రంగులో ఒకటి తర్వాత ఒకటి పాకుతున్నాయి. సెమిసి చేతిలోని గొట్టం కిందపడి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. అతనికి భయం కూడా కలగలేదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇంత పెద్దది ఇన్నాళ్లూ మన పక్కనే నిద్రపోయిందా, దీని మీదుగానా మనం పడవలేసుకుని చేపలకు తిరిగాం అనుకున్నాడు.

"నీళ్లు! నీళ్లు వెనక్కి పోతున్నాయి!" అని రేవు వైపు నుంచి ఎవరో కేక పెట్టారు.

ఆ మాటకు అర్థం పిల్లలకు కూడా తెలుసు. నడవగలిగినవాళ్లు చర్చి గుట్ట వైపు పరుగు పెట్టారు. ఆ చుట్టుపక్కల ఎత్తంటే అదొక్కటే, అదీ పొలాలకు అవతల. నడవలేని ముసలివాళ్లు, చంకబిడ్డల తల్లులు సెమిసి బండి వైపు వచ్చారు. ఎప్పుడు ఏమొచ్చినా ఆ వీధికి ఆ బండే దిక్కు. హోపోటే ట్రాక్టర్ పొలంలోనే ఉండిపోయింది. అతను తల్లిని వీపున మోసుకొచ్చి బండి వెనక తొట్టిలో కూర్చోబెట్టాడు. వైసిమా పిల్లల్ని ఒక్కొక్కళ్లనే పైకి అందించింది. మేనత్త ఎదురుగానే ఉన్న తన ఇంట్లోకి వెళ్లి ప్లాస్టిక్ చుట్టిన పొడవాటి చుట్ట ఒకటి రొమ్ముకు హత్తుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

సెమిసి తాళం తిప్పాడు. కిర్ కిర్ కిర్ మంది. అంటుకోలేదు.

మళ్లీ తిప్పాడు. కిర్ కిర్.

ఎందుకు అంటుకోవడం లేదో ఆ ద్వీపంలో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

అతను దిగి బానెట్ ఎత్తేలోపు మొదటి నీరు వచ్చేసింది. అల కాదది. వీధి వీధంతా సముద్రమై మోకాళ్లదాకా లేచి, ఇళ్లలోంచి తోసుకుంటూ, కుర్చీలనూ కోళ్లనూ దండెం మీది బట్టలనూ తెచ్చి బండికి కొట్టింది. ఎగజిమ్మిన నీటికి తొట్టిలోని వాళ్లంతా తడిసి ముద్దయ్యారు. ఇంజిన్ దాకా ఎక్కకుండా ఆగి, నీరు మళ్లీ ఈడ్చుకుంటూ వెనక్కి పోయింది. వెనక్కి పోయిందంటే ఇంకా పెద్దదై రావడానికేనని అందరికీ తెలుసు.

సెమిసి నిప్పురవ్వ పంచే మూత ఊడదీశాడు. లోపలంతా ఆవిరి చెమటలా పట్టి, నీటిబొట్లు నిలిచి ఉన్నాయి. ఆ తడి తుడిచేస్తే చాలు, బండి కదులుతుంది. దేంతో తుడవాలి? చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి. సీటు గుడ్డ తడిసింది. పిల్లల బట్టలు తడిశాయి. ఊళ్లో ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలన్నీ సముద్రం పట్టుకుపోయింది.

"ఏం కావాలిరా?" అని మేనత్త కిటికీలోంచి అరిచింది.

"పొడి గుడ్డ అత్తా. పొడిది ఏదైనా."

అతను ఆ మాట నేలను చూస్తూ అన్నాడు. పొడిది ఒక్కటే ఉందని అతనికి తెలుసు. ఆ చుట్టలో ఉన్నది ఆమె బెరడు బట్ట. చెట్టు బెరడును నానబెట్టి, ఆమె తల్లీ ఆ తల్లి తోటి ఆడవాళ్లూ కొయ్యసుత్తులతో దంచి దంచి పల్చగా సాగదీసి, నల్లరంగూ గోధుమరంగూ వేసిన బట్ట. తన కాయానికి చుట్టి పాతిపెట్టమని చెప్పి ఆమె మంచం కింద దాచుకున్న బట్ట. రాజుగారు అడిగినా ఇచ్చేది కాదు. దాని మీద కాలు పడ్డందుకు చిన్నప్పుడు సెమిసి వీపు వాచింది.

మేనత్త బండి దిగింది. ప్లాస్టిక్ చింపింది. బట్ట అంచు పళ్లతో కొరికి పట్టుకుని రెండు చేతులా లాగింది. పర్రుమని చిరిగిన ఆ చప్పుడు, ఇందాక ఆకాశం పేలిన చప్పుడుకంటే ఎక్కువగా తగిలింది సెమిసికి. అతని చేతులు కదల్లేదు.

"దీన్ని ముట్టుకోడానికి నేను... అత్తా, ఇది మీ..."

"చచ్చినదానికి కదరా అది. వీళ్లంతా బతికున్నారు. తుడువు!"

తుడిచాడు. ఆ బట్ట తడిని పీల్చుకుని ముద్దై చేతిలో విడిపోతోంది. అది విడిపోతుంటే ఆమె ఇంకో ముక్క చింపి ఇస్తోంది. పూలూ చేపలూ రాజవంశపు గుర్తులూ గీసిన ముక్కలు. మూత లోపల, ప్లగ్గుల తీగల చివర్లలో, ప్లగ్గుల గుంటల్లో వేలితో కుక్కి కుక్కి తుడిచాడు. హోపోటే సముద్రం వైపు చూస్తూ నిలబడి "లేస్తోందిరా, లేస్తోంది" అంటున్నాడు. సెమిసి తల తిప్పలేదు. మూత బిగించాడు. మేనత్త ముందు సీట్లోకి, హోపోటే తొట్టిలోకి చేరారు. ఎక్కాడు. తాళం తిప్పాడు.

కిర్ కిర్. ఒక దగ్గు. ఇంకో దగ్గు. పలికింది.

తొట్టిలో ఆడవాళ్లు గొల్లున ఏడ్చారు. బండి బురదలోంచి లేచి పొలాల దారి పట్టింది. మలుపు దగ్గర సెమిసి అద్దంలోకి చూశాడు. రెండో నీరు వచ్చింది. అది ఇంటి కప్పంత ఎత్తున, తొందరేమీ లేనట్టు, వాళ్ల వీధి మీదికి నడిచివచ్చింది. మేనత్త కూర్చున్న కుర్చీ, సీమపనస చెట్టు, కంచె, ఇల్లు, అన్నీ దాని కిందికి వెళ్లిపోయాయి. అతను ఆ తర్వాత అద్దం వైపు చూడలేదు.

గుట్ట మీదికి చేరేసరికి పగలే చీకటైంది. పైనుంచి చిన్న చిన్న రాళ్లు వడగళ్లలా కురిశాయి, ఆ తర్వాత బూడిద. ఎదుటి మనిషి మొహం కనబడని ఆ నల్లటి వానలో ఎవరో పాట అందుకున్నారు. చర్చిలోనూ బయటా ఉన్నవాళ్లంతా కలిశారు. సెమిసి ఎన్నోసార్లు విన్న పాటే. ఆ రోజు మాత్రం అతనికి ఒళ్లంతా జలదరించింది. అంత పెద్ద కొండ పేలి, సముద్రం లేచి, ఆకాశం రాలుతుంటే, ఈ ముసలీ ముతకా గొంతులు శ్రుతి తప్పకుండా కలుస్తున్నాయి. ఈ మనుషులకు ఎంత గుండె! పాటలో అన్నిటికంటే పైన వినపడింది మేనత్త గొంతే.

ఆదివారం తెల్లారింది గానీ తెలుపు లేదు. చెట్లు, పందులు, మనుషులు, అన్నీ బూడిద రంగే. పొద్దున్నే కాలినడకన ఒకాయన కబురు తెచ్చాడు. ఆ పక్క రేవు ఊళ్లో కాళ్లూ చేతులూ విరిగినవాళ్లు దారి పక్కన పడున్నారట, మోసుకెళ్లే బండి లేదట. అందరూ సెమిసి వైపు చూశారు, ఆ తర్వాత పాస్టరు వైపు చూశారు. ఆదివారం మరి.

"దెబ్బలు తగిలినవాళ్లని మొయ్యడం పని కాదు" అంది మేనత్త. పాస్టరు నోరు తెరిచే అవసరమే రాలేదు.

సెమిసి బానెట్ ఎత్తాడు. లోపల ఇంజిన్ కనబడలేదు. బూడిద కుప్ప కనబడింది. హోపోటే చర్చి దగ్గర మూత వేసిన నీళ్ల తొట్టిలోంచి రెండు బకెట్ల నీళ్లు మోసుకొచ్చాడు. ఊళ్లో తొట్లన్నీ బూడిద పడి పాడైపోగా మిగిలిన మంచినీళ్లు అవే.

"జిడ్డు ఉండాలన్నాను గానీ ఇంత బూడిద ఉండమనలేదురా. కడిగి పారేద్దాం" అన్నాడు.

అందరూ మేనత్త వైపు చూశారు. ఆమె నోరు తెరిచింది. "కడు..." అంది. ఆగింది.

ఆమె మాట మధ్యలో ఆగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. బూడిదలో పాదాలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చి సెమిసి ఎదుట నిలబడింది.

"నువ్వు చెప్పు. కడగాలా, వద్దా?"

ఆమె అడుగుతోంది. చెప్పడం లేదు, అడుగుతోంది. చుట్టూ జనం.

"వద్దత్తా" అన్నాడు.

ఆ మాట ఒకసారి బయటపడ్డాక మిగతా మాటలు వాటంతటవే వచ్చాయి. "తడిపితే సిమెంటులా పట్టేస్తుంది. గుడ్డతో రుద్దినా గీతలు పడి పాడైపోతుంది. పొడిగానే విసరాలి, పొడి బ్రష్‌తో దులపాలి, గాలి పీల్చే జల్లెడ బయటికి తీసి తట్టాలి. ఆ నీళ్లు పిల్లలకు పట్టండి."

బూడిద పట్టిన మేనత్త చెంపల మీద కన్నీళ్లు చారలు కట్టాయి.

"మీ నాన్నను ఆరోజు చేపలకు పంపింది నేనేరా" అంది. "ఇంటికి చుట్టాలొచ్చారు. సముద్రం బాగోలేదు. వాడికి తెలుసు. రేవులో అందరికీ తెలుసు. 'అక్కా' అన్నాడు. 'ఏంటి' అన్నాను. 'ఏం లేదక్కా' అని పడవ ఎక్కాడు. వాడొక్కసారి వద్దని ఉంటే నేను అరిచేదాన్ని, తిట్టేదాన్ని. వాడు బతికుండేవాడు."

నాన్న ఎందుకు వెళ్లాడో సెమిసికి అప్పటిదాకా ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

"నిన్న సాయంత్రం నువ్వూ అలాగే 'ఏం లేదత్తా' అన్నావు. రాత్రంతా అదే వినపడింది నాకు" అంది. తర్వాత వెనక్కి తిరిగి, పాటల బృందం ఆడవాళ్లను పిలిచింది. "విన్నారుగా, వద్దన్నాడు. మీ విసనకర్రలు పట్రండి."

ఆడవాళ్లు బండి చుట్టూ మూగి విసరడం మొదలుపెట్టారు. బూడిద పొరలు పొరలుగా లేచి గాల్లో కలిసిపోతోంది. సెమిసి పొడి బ్రష్ పట్టుకుని బానెట్ కిందికి వంగి, ఎవరికీ కనబడకుండా వెక్కి వెక్కి ఏడుస్తూ ఒక్కొక్క తీగే దులుపుకుంటూ వచ్చాడు. ఆమె పక్కనే నిలబడి, ఇక్కడ విసరనా, అక్కడ విసరనా అని అతన్ని అడుగుతూనే ఉంది.